ఎర్ర చుక్క లేని గురి

మసక చీకట్లో తుపాకి అద్దంలో ఎర్ర చుక్క చూసి వేటాడే వీడియోలు మన ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అదేం నిన్నటి వింత కాదు. అద్దంలో గురి గుర్తు చూపించే ఉపాయం 1900లో ఐర్లాండు దేశస్థుడు హోవర్డ్ గ్రబ్‌ది. బ్యాటరీతో వెలిగే చుక్కను 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ అమ్మకానికి తెచ్చింది.

మన దర్శికి పడమట మార్కాపురం, గిద్దలూరు దాటితే నల్లమల. అక్కడి చెంచు తాతల విల్లుకు ఏ చుక్కా లేదు. మునిమాపున గాలికి ఎదురుగా, ఆకు చప్పుడు కాకుండా జంతువు దగ్గరికి పోవడమే గురి. అయినా కడుపు నింపింది వేట కాదండి, గడ్డలూ పండ్లే. కృష్ణ అవతల అమ్రాబాద్ చెంచుల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ 1943 నాటి పుస్తకంలో అదే రాశాడు.

1882 మద్రాసు అడవుల చట్టం రిజర్వు అడవిలో వేటకు నిబంధనలు పెట్టింది. తుపాకీ దొర షికారీ అయ్యాడు, కుందేలు కొట్టిన మన తాత దొంగయ్యాడు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదట లైసెన్సు వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం భూమికి, తేనెకు హక్కిచ్చి, వేటను మాత్రం పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది.

తమ్ముళ్ళూ, టైగర్ రిజర్వు కోర్‌లో వేట రుజువైతే మూడేళ్ళకు తగ్గని జైలు, ఏడేళ్ళ దాకా. ఆ చుక్క కొనే డబ్బుతో ఓసారి పెంటకు పోయి, విల్లు పట్టిన ముసలోళ్ళ మాటలు రికార్డు చేసుకొస్తారా?