సద్ది మూట, బొరుగుల పొట్లం

బెంగళూరు మాల్‌లో తిండి, కొనుగోళ్లు, కబుర్లు ఒకే కప్పు కింద చేర్చి ఫుడ్ హాల్ అంటున్నారు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో ఈ మూడూ వారానికొకసారి కప్పు లేకుండానే కలిసేవి. 1897లో వెలువడిన బి.ఎల్.రైస్ మైసూరు గెజెటీరులో కోలారు జిల్లా పెద్ద సంతలు ఏ వారం జరిగేవో, ఎంత జనం వచ్చేవారో పట్టిక ఉంది. చిక్కబళ్లాపురం కోలారు నుంచి విడిపడి వేరే జిల్లా అయింది 2007లోనే కాబట్టి ఈ ఊళ్లన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే. గెజెటీరుకు జనం లెక్క చాలు. నాకు మాత్రం ఆ జనం మధ్యాహ్నం ఏం తిన్నారన్నదే ముఖ్యం. ఈ ప్రాంతంలో కులం మనుషులను ఒక్క పంక్తిలో కూర్చోనివ్వలేదు. అలాంటి చోట కొంతలో కొంతైనా పక్కపక్కన నిలబడి తిననిచ్చింది సంతేనని నా వాదన.

తెల్లారకముందే బండి కట్టుకుని బయలుదేరినవాళ్లు ఇంటి నుంచి సద్ది మూట తెచ్చుకునేవారు. చల్లబడిన రాగి సంగటి, నంజుకోను పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ. నీళ్లలో ఉడికిన అన్నమైనా సంగటైనా ఎవరి చేతి వంటో చూసుకుని తినే రోజులవి; అందుకే సద్ది మూట చెట్టు కింద, అయినవాళ్ల మధ్యే విప్పేవారు. వేయించినదానికీ నూనెలో దేవినదానికీ అంత పట్టింపు ఉండేది కాదు. బొరుగులు కాలే ఇసుకలో పేలతాయి, బజ్జీ మరిగే నూనెలో తేలుతుంది, రెంటికీ నీటి ఎంగిలి అంటదని నమ్మకం. బొరుగుల్లో ఉల్లిగడ్డ తరిగి వేసి, పప్పులు, కారం, రెండు చుక్కల నూనె కలిపి పొట్లం కట్టి ఇస్తే, విస్తరీ అక్కర్లేదు, కూర్చునే వరసా అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ మాట్లాడే ఈ జనానికి బేరం ఏ భాషలో మొదలైనా పొట్లం ఒకటే.

దీన్ని మరీ తియ్యగా చెబుతున్నానని ఎవరైనా అంటే తోసిపుచ్చలేను. ఆ పొట్లం కూడా అంటరానివాళ్లుగా నెట్టేసినవారికి పైనుంచి, చేయి తగలకుండా పడేది. టీ అంగళ్లలో వాళ్లకు వేరే గ్లాసు ఉండేది. చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవంగా కాల్చేశారు. శతాబ్దాల సంతలు ఆ మంటను ఆపలేదు. నేను సంతను సమానత్వం అనడం లేదు. ఆకలి, బేరం కలిసినచోట కులం ఎంత వదులవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో అది చూపిస్తుంది. ఇళ్ల గడపలూ గుళ్లూ ఆ మాత్రం కూడా వదులు కాలేదు.

ఆ ఆగినచోటును దాటించడానికి చట్టం కావలసి వచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు అంగళ్లు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, దారులు, జనం చేరే బహిరంగ స్థలాలు అన్నింటినీ ఒకే వరసలో పెట్టి, కులం పేరుతో ఎవరినీ అడ్డగించకూడదంది. కొనడం, తినడం, కలవడం వేర్వేరు హక్కులు కావని రాసినవాళ్లకు బాగా తెలుసు: అంగట్లోకి రానిచ్చి పక్క హోటల్లోకి రావద్దంటే మనిషి ఇంకా బయటే ఉన్నట్టు. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఆ అడ్డగింపును శిక్షార్హం చేసింది.

దినం తెరిచే అంగళ్లు, మార్కెట్ యార్డులు వచ్చాక సంతతో పనేముందని ఇప్పుడు అడుగుతున్నారు. చింతామణి యార్డులో టమాటాల వేలానికి వచ్చే రైతుకూ లారీ డ్రైవరుకూ హమాలీకీ కూడా ఆకలేస్తుంది. సర్కారు 2017లో బెంగళూరులో మొదలుపెట్టి తర్వాత జిల్లాలకూ విస్తరించిన ఇందిరా క్యాంటీన్‌లో ఉడికిన అన్నమే పెడతారు, అందరికీ ఒకే రకం పళ్లెంలో. సద్ది మూట చెట్టు కింద దాచుకున్న అన్నమే అది. కాబట్టి పురసభలు సంత కట్టలు కొత్తగా కట్టేటప్పుడు కూరగాయల గట్లతో పాటు పొయ్యికీ, చేతులు కడుక్కునే కొళాయికీ, నిలబడి తినే నీడకూ లోపలే చోటు విడవాలి.