బంకమ్: ఊరి పేరు బూటకానికి పేరైన వైనం

పైకి గంభీరంగా వినిపిస్తూ లోపల పసా నిజమూ లేని మాటను ఇంగ్లీషులో ‘బంకమ్’ అంటారు. ఇది లాటిన్ నుంచో గ్రీకు నుంచో దిగివచ్చిన పదం కాదు. అమెరికాలో నార్త్ కరోలినా పశ్చిమ కొండల్లో, యాష్‌విల్ పట్టణం ఉన్న బంకమ్ కౌంటీ దీని పుట్టిల్లు. ఆ కౌంటీకి పేరిచ్చినవాడు కల్నల్ ఎడ్వర్డ్ బంకమ్. స్వాతంత్ర్య యుద్ధంలో, 1777లో జర్మన్‌టౌన్ దగ్గర గాయపడి బ్రిటిష్ సేనకు పట్టుబడ్డాడు, మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

ఆయన పేరుకు మచ్చ తెచ్చింది ఒక ఉపన్యాసం. 1820 ఫిబ్రవరిలో, మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అని వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ వారాల తరబడి వాదించింది. అలసిన సభ్యులు ఓటింగుకు తొందరపడుతున్న వేళ ఆ కౌంటీ ప్రతినిధి ఫీలిక్స్ వాకర్ లేచాడు. కూర్చోమని కేకలు వేశారు. మీరు వినకపోయినా ఫర్వాలేదు, నేను మాట్లాడేది బంకమ్ కోసం అన్నాడట.

గమనిస్తే వాకర్ అబద్ధమేమీ ఆడలేదు. నియోజకవర్గంలో తన పేరు వినపడాలనుకున్నాడు, అంతే. కానీ ఆ ఏటి జనగణన ప్రకారం దేశంలో బానిసలు పదిహేను లక్షల పైచిలుకు. అంతమంది బతుకులు ముడిపడ్డ చర్చలో, ఎదుటివాళ్లను ఒప్పించే ఉద్దేశమే లేకుండా మాట్లాడటాన్ని జనం క్షమించలేదు. నిజంతో పనిలేని మాట అబద్ధానికి ఎంత దగ్గరో వాళ్లు గుర్తించారు. ఆ తీర్పు న్యాయమైనదే. దాని నింద మాత్రం ఏ పాపమూ ఎరగని ఊరి మీద పడింది.

‘బంకమ్ కోసం మాట్లాడటం’ రాజకీయ నుడికారమైంది. క్రమంగా పలికే తీరుకు తగ్గట్టు స్పెల్లింగూ మారింది, తర్వాత మాట కురచై ‘బంక్’ మిగిలింది. మనవాళ్లు క్లాసుకు కొట్టే బంకును, పెట్రోల్ బంకును నిఘంటువులు వేరే మాటలుగానే చూపిస్తాయి. 1916లో హెన్రీ ఫోర్డ్ ఒక పత్రికతో చరిత్ర చాలావరకు బంకే అనడంతో ఈ పొట్టి మాట ఊరూరా పాకింది. 1919లో మౌంట్ క్లెమెన్స్‌లో, ఫోర్డ్ వేసిన పరువునష్టం దావా విచారణలో, ఎదుటి పక్షం లాయర్లు ఆయన చరిత్ర జ్ఞానాన్ని నిలదీశారు. ఫోర్డ్ గెలిచాడు, దక్కిన పరిహారం ఆరు సెంట్లు.

1923లో విలియం వుడ్‌వర్డ్ తన ‘బంక్’ నవలలో ‘డీబంక్’ అనే క్రియను సృష్టించాడు. పేరుమోసిన మనుషుల చుట్టూ అల్లుకున్న బూటకాన్ని ఊడదీయడం అని అర్థం. ఇవాళ వాట్సాప్ పుకార్లను పరీక్షించే తెలుగు ఫ్యాక్ట్‌చెక్ విలేకరులు వాడుతున్నది ఆ క్రియనే.