ఊరు, గని, తోట: మలేషియాలో జాతుల మధ్య ఆర్థిక అంతరం

మలేషియా ప్రభుత్వ పత్రాల్లో తరచుగా కనిపించే మాట ఒకటుంది: "బుమిపుత్ర". అది మన భూమిపుత్ర శబ్దమే. మలయ్ భాషలోకి సంస్కృతం ధారాళంగా ప్రవహించిన కాలపు ఆనవాలు. ఆ దేశంలోనే భారతీయులను ఈసడింపుగా పిలిచే మాట మరొకటి ఉంది: "కెలింగ్". ఇది కళింగ శబ్దం నుంచి పుట్టిందని పండితులు చెబుతారు. ఇక్కడి నుంచి వెళ్ళిన రెండు మాటల్లో ఒకటి హక్కుకు పేరయింది, మరొకటి తిట్టయింది. మలేషియాలో జాతుల మధ్య ఆర్థిక అంతరాలు ఎలా ఏర్పడ్డాయో, వాటిని తగ్గించడానికి ప్రభుత్వం ఏం చేసిందో, ఆ ప్రయత్నంలో మనవాళ్ళ స్థానం ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణం ఉంది. రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చినప్పుడు అవి అల్పసంఖ్యాకులకో, అధికారానికి దూరంగా ఉన్నవారికో ఇచ్చే రక్షణ అని అనుకోవడం మనకు అలవాటు. మలేషియాలో పరిస్థితి వేరు. అక్కడ ప్రత్యేక సౌకర్యాలు పొందినది సంఖ్యలో పెద్దదీ, రాజకీయాధికారం చేతిలో ఉన్నదీ అయిన మలయ్ సమాజం. అయినా ఆ సమాజం నిజంగానే పేదది. ఈ రెండు సంగతులనూ కలిపి చూడకపోతే ఆ దేశ చరిత్ర అర్థం కాదు.

జాతికొక వృత్తి అన్న ఏర్పాటు దానంతట అది వచ్చినది కాదు. 1874లో పాంగ్‌కోర్ ఒప్పందంతో బ్రిటిషువారు పెరాక్ రాజ్య వ్యవహారాల్లో ప్రవేశించేనాటికే తగరపు గనుల్లో చీనీయులు స్థిరపడి ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో రబ్బరుకు గిరాకీ పెరిగింది. తోటల్లో పనికి దక్షిణ భారతం నుంచి కూలీలను తెచ్చారు. మలయ్ రైతును మాత్రం వరిచేనుకే కట్టిపెట్టారు. 1913 నాటి మలయ్ రిజర్వు భూముల చట్టం అతని నేల పరుల చేతికి పోకుండా కాపాడిన మాట నిజమే. అయితే ఆ నేలను కుదువపెట్టి పెట్టుబడి తెచ్చుకునే దారి కూడా దానితోనే ఇరుకైపోయింది. 1917లో వరి భూములపై మరో చట్టం చేసి, ఆ భూముల్లో రబ్బరు వేయకుండా అడ్డుకట్ట వేశారు. 1920ల్లో రబ్బరు ఉత్పత్తిపై పరిమితులు పెట్టినప్పుడు చిన్న రైతుల కోటాను తక్కువగా లెక్కగట్టి, పెద్ద తోటల వైపు మొగ్గారు. చదువులోనూ ఇదే ధోరణి. రాచకుటుంబాల పిల్లలకు 1905లో కువాలా కాంగ్సార్‌లో ఇంగ్లీషు కళాశాల వెలిసింది. పల్లె పిల్లలకు మలయ్ వాచకం, బుట్టల అల్లిక, తోటపని చాలన్నారు. జాలరి కొడుకు మరికాస్త తెలివైన జాలరి అయితే చాలునని పాలకులు దాచకుండానే చెప్పుకున్నారు.

తోటల వైపు చూద్దాం. తమిళుల తర్వాత అక్కడికి వెళ్ళిన కూలీల్లో తెలుగువారు చెప్పుకోదగ్గ వర్గం. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెల నుంచి వెళ్ళినవారు వీరిలో ఎక్కువ. మొదట ఒప్పంద కూలీ పద్ధతి ఉండేది. అది 1910లో రద్దయ్యాక కంగాణీల ద్వారా చేర్చుకోవడమే ప్రధానమైంది. తోటలో పనిచేసే మేస్త్రీయే సొంత ఊరికి తిరిగొచ్చి, బంధువులనూ ఇరుగుపొరుగులనూ వెంటబెట్టుకుని పోయేవాడు. ఊరు ఊరే ఒక తోటకు తరలిన సందర్భాలున్నాయి. 1938లో భారత ప్రభుత్వం ఈ వలసను ఆపేవరకు ఇది సాగింది. దిగువ పెరాక్‌లో బాగన్ డాటో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా నిలదొక్కుకున్నాయి. భాష అక్కడ ఎక్కువ కాలం బతకడానికి ఆ గుంపుతనమే కారణమని మా అభిప్రాయం.

తోట ఒక చిన్న రాజ్యం. పైన తెల్లదొర. అతని కింద కిరాణీలు, అంటే గుమాస్తాలు. వీరిలో చాలామంది సింహళం నుంచి వచ్చిన జాఫ్నా తమిళులు, మలయాళీలు. అట్టడుగున లైను ఇళ్ళలో చెట్లు గీసే తమిళ, తెలుగు కూలీలు. బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో బడి పెట్టాలని చట్టం ఉండేది. పెట్టారు కూడా. ఎక్కువచోట్ల అది తమిళ బడి, కొన్ని తోటల్లో తెలుగు బడి. ఆ బడి నుంచి పిల్లవాడు వెళ్ళగలిగేది తిరిగి తోటలోకే. కల్లు దుకాణం మాత్రం తోటలోనే ఉండేది, దానికి చట్టం ఒత్తిడి అవసరం కాలేదు.

1957 ఆగస్టు 31న మలయా స్వతంత్రమైంది. రాజ్యాంగ రచనలో జరిగిన రాజీ ఇది: చీనీయులలో, భారతీయులలో చాలామందికి పౌరసత్వం, మలయ్ వారికి ప్రత్యేక స్థానం. 153వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో, ఉపకారవేతనాల్లో, వ్యాపార లైసెన్సుల్లో మలయ్ వారికి కొంత భాగం కేటాయించవచ్చు. ఇతర జాతుల న్యాయమైన ప్రయోజనాలను కాపాడాలని కూడా ఆ అధికరణమే చెబుతుంది. ఈ రెండో భాగాన్ని చాలామంది మరిచిపోతారు.

కాగితం మీది ఈ రాజీ పన్నెండేళ్ళకే పగిలింది. 1970 లెక్కలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ద్వీపకల్ప మలేషియాలో సగం కుటుంబాలు, సరిగ్గా చెప్పాలంటే 49.3 శాతం, పేదరికంలో ఉన్నాయి. మలయ్ కుటుంబాల్లో ఇది 65 శాతం, భారతీయుల్లో 39, చీనీయుల్లో 26. నెలసరి సగటు కుటుంబ ఆదాయం మలయ్ వారికి 172 డాలర్లు, భారతీయులకు 304, చీనీయులకు 394. కంపెనీల వాటాల్లో మలయ్ వారి భాగం 2.4 శాతం మాత్రమే. చీనీయులది 27, భారతీయులది 1.1. మిగిలినదానిలో అత్యధికం, అంటే మొత్తంలో 63 శాతం, విదేశీయులది. మలయ్ యువకుడికి ఎదురుగా కనిపించిన షాపుకారు చీనీయుడు. లండన్‌లో కూర్చున్న యజమాని ఎవరి కంటికీ కనిపించడు.

1969 మే 10న ఎన్నికలు జరిగాయి. పాలక కూటమి బలం తగ్గింది. ప్రతిపక్షాల విజయోత్సవాలు, వాటికి ప్రతిగా ఊరేగింపు, ఆపైన మే 13న కౌలాలంపూర్‌లో మారణకాండ. అధికారిక లెక్క ప్రకారం మృతులు 196 మంది. అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువని నమ్మేవారు చాలామంది. పార్లమెంటు 1971 ఫిబ్రవరి వరకు సమావేశం కాలేదు. (అదే సంవత్సరం మన దగ్గర, ఉద్యోగాల్లో స్థానికుల రక్షణల ప్రశ్న మీదనే తెలంగాణ ఉద్యమం రగిలింది. అక్కడ రెండు పక్షాలూ తెలుగువారే కాబట్టి పోలికను దూరం లాగము. కానీ ఉద్యోగం దొరకని చదువుకున్న యువకుడు ఎక్కడైనా ఒకే ప్రశ్న అడుగుతాడు.)

1971లో వెలువడిన రెండవ మలేషియా ప్రణాళికతో "నూతన ఆర్థిక విధానం" మొదలైంది. దానికి రెండు లక్ష్యాలు. జాతితో నిమిత్తం లేకుండా పేదరికాన్ని నిర్మూలించడం మొదటిది. జాతిని బట్టి వృత్తి నిర్ణయమయ్యే స్థితిని తొలగించడం రెండవది. 1990 నాటికి కంపెనీ వాటాల్లో బుమిపుత్రులకు 30 శాతం, ఇతర మలేషియన్లకు 40, విదేశీయులకు 30 ఉండాలని గురి పెట్టుకున్నారు. విశ్వవిద్యాలయ సీట్ల కేటాయింపుకు వీలుగా రాజ్యాంగాన్ని సవరించారు. 153వ అధికరణాన్ని బహిరంగంగా, చివరకు పార్లమెంటులో కూడా, ప్రశ్నించడం నేరమయింది. ఒక విధానం తప్పొప్పులను చర్చించే హక్కునే మూసివేయడం ఆ ఏర్పాటులోని పెద్ద లోపమని మేము భావిస్తున్నాము.

అమలులో పట్టుదల మాత్రం కనిపించింది. 1956లోనే పుట్టిన ఫెల్డా సంస్థ అడవులు నరికించి, భూమి లేని కుటుంబానికి సుమారు పదేసి ఎకరాల రబ్బరు లేదా పామాయిలు తోటను, ఇంటిని ఇచ్చి స్థిరపరిచింది. అలా లక్షకు పైగా కుటుంబాలు బాగుపడ్డాయి. మారా సంస్థ చిన్న వ్యాపారులకు అప్పులు, విద్యార్థులకు వేతనాలు ఇచ్చింది. 1972 నుంచి పెనాంగ్‌లో వెలసిన ఎలక్ట్రానిక్ కర్మాగారాల్లో వేలాది మలయ్ పల్లె ఆడపిల్లలు పనికి కుదిరారు. 1978లో ఏర్పడ్డ జాతీయ పెట్టుబడి సంస్థ బుమిపుత్రుల తరఫున కంపెనీల వాటాలు కొనసాగింది. 1981 సెప్టెంబరు 7న లండన్ స్టాక్ మార్కెట్ తెరిచిన కొద్ది గంటల్లోనే పాత బ్రిటిష్ తోటల కంపెనీ గత్రీని ఆ సంస్థ వశపరచుకుంది. వలస పాలనలో పోయిన ఆస్తి తిరిగి వచ్చిందని దేశమంతా గర్వపడింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. రబ్బరు తోటల నుంచి ఎదిగిన సమాజం ప్రపంచంలోని తెలుగువారికి ఆతిథ్యమివ్వడం చిన్న విషయం కాదు. కానీ ఐదు నెలల తర్వాత గత్రీ తోటల యజమాని మారినప్పుడు, ఆ తోటల్లో చెట్లు గీసేవాడి బతుకు మారలేదు. దినకూలీ దినకూలీగానే, లైను ఇల్లు లైను ఇల్లుగానే మిగిలాయి. ఫెల్డా కాలనీల్లో స్థిరపడినవారు దాదాపు అందరూ మలయ్ వారే. రబ్బరు చెట్టు గీయడంలో రెండు మూడు తరాల అనుభవమున్న తోట కూలీకి ఆ భూముల్లో చోటు దాదాపు దొరకలేదు. "జాతితో నిమిత్తం లేకుండా" అన్న మొదటి లక్ష్యం ఇక్కడ తడబడింది.

అసలు చిక్కు సగటులో ఉంది. 1970లో భారతీయుల సగటు ఆదాయం మలయ్ వారికన్నా చాలా ఎక్కువ. ఆ సగటులో వకీళ్ళు, డాక్టర్లు, చెట్టియార్లు, గుమాస్తాలు ఉన్నారు, తోట కూలీలూ ఉన్నారు. పైవారి ఆదాయం కింది వారి లేమిని కప్పేసింది. తెలుగువారికైతే ఇది రెట్టింపు. జనాభా లెక్కల్లో వారికి వేరే వరుస ఉంది. ఆదాయం, పేదరికం, వాటాల లెక్కల్లో లేదు. అక్కడ అందరూ "భారతీయులే". తమిళనాడులోనో ఒడిశాలోనో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఇలా ఒక పెద్ద గడిలో కలిసిపోవడం కొత్త అనుభవం కాదు.

భారతీయులు ఏమీ చేయకుండా కూర్చోలేదు. 1950ల చివర తెల్ల యజమానులు తోటలను ముక్కలుగా అమ్ముకుంటుంటే, తున్ సంబంధన్ 1960లో జాతీయ భూమి సహకార సంఘాన్ని స్థాపించి, కూలీల చందాలతోనే తోటలు కొనిపించారు. మా దృష్టిలో ఆ కాలపు అత్యుత్తమ ప్రయత్నం అది. 1982లో సామివేలు నాయకత్వంలో మొదలైన మైకా హోల్డింగ్స్‌లో వేలాది పేద కుటుంబాలు నగలు తాకట్టు పెట్టి కూడా వాటాలు కొన్నాయి. ఆ కంపెనీ నిలబడలేదు. దానికన్నా పెద్ద దెబ్బ ముందే తగిలింది. 1969 తర్వాత పౌరసత్వ పత్రాలు లేని వారికి పని అనుమతి తప్పనిసరి చేయడంతో, అక్కడే పుట్టినా కాగితం సంపాదించుకోని తోట కూలీలు వేలమంది ఓడలెక్కి భారతదేశానికి వచ్చేశారు.

1990లో గడువు ముగిసింది. ద్వీపకల్పంలో పేదరికం 15 శాతానికి దిగింది. ఆసియాలో ఇంత వేగంగా పేదరికం తగ్గిన దేశాలు కొద్ది. బుమిపుత్రుల వాటా సుమారు 19 శాతానికి పెరిగింది. గురి అందలేదు గాని, పెరుగుదల పెద్దదే. చీనీయుల వాటా తగ్గలేదు సరికదా, 45 శాతానికి చేరింది. తగ్గింది విదేశీయులది. ఒకరి కంచంలోంచి తీయకుండా కొత్తగా వండి వడ్డించడం ఆర్థికాభివృద్ధి వల్ల సాధ్యమైంది. భారతీయుల వాటా 1 శాతం దగ్గరే నిలిచింది. బుమిపుత్రులలోనూ లాభం సమానంగా పంచుకోలేదు. లైసెన్సు మలయ్ పేరున, వ్యాపారం చీనీయుడి చేతిలో నడిచే పద్ధతికి "అలీ బాబా" అని వెక్కిరింపు పేరు వచ్చింది. మన కాంట్రాక్టుల్లో బినామీ అనేది అదే.

తర్వాతి దశాబ్దాల్లో పట్టణాలు విస్తరించి తోటలు ఇళ్ళ స్థలాలుగా, గోల్ఫ్ మైదానాలుగా మారాయి. పనితోపాటు ఇల్లూ పోయిన కూలీలు నగరాల అంచున గుడిసెల్లో చేరారు. వారి స్థానంలో ఇండొనేషియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు. 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లో వేలాది భారతీయులు ఊరేగినప్పుడు పోలీసులు బాష్పవాయువు, నీటి ఫిరంగులు ప్రయోగించారు. ఆ తర్వాతే వారి సమస్య దేశ రాజకీయాల మధ్యకు వచ్చింది. 2017లో భారతీయుల కోసం ప్రత్యేక ప్రణాళికా పత్రం వెలువడింది. 2020లో దారిద్య్ర రేఖను నెలకు 980 రింగిట్ల నుంచి 2,208కి సవరించగా, 2016లో 0.4 శాతమని చెప్పుకున్న పేదరికం 2019 సంవత్సరానికి 5.6 శాతంగా తేలింది. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి పేదల సంఖ్య మారుతుందని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

మద్రాసు రాజధానిలో 1921 నాటి కమ్యూనల్ జీ.ఓ. నుంచి మనకూ ఈ చరిత్ర ఉంది. వర్గాల లోపలి వర్గాలను విడిగా లెక్కించాలా అన్న వాదం మన దేశంలోనూ తెగలేదు. మలేషియా అనుభవాన్ని ఆ వాదం పక్కన పెట్టి చదవవలసిందిగా మా విద్యార్థులను కోరుతున్నాము.

ఉత్తరాంధ్ర మూలాలున్న కుటుంబాల్లో మలయా వెళ్ళివచ్చిన తాతల కాగితాలు ఇంకా ఉండవచ్చు: కంగాణీ చీటీలు, మనియార్డరు రశీదులు, పాత ఉత్తరాలు, 1970 ప్రాంతంలో తిరిగి వచ్చినప్పటి ఓడ టిక్కెట్లు. ప్రణాళికా పత్రాల్లో లేని తెలుగు కూలీ ఆదాయం ఆ రశీదుల మీద అంకెల్లో రాసి ఉంటుంది. వాటి నకళ్ళు మాకు పంపితే, వచ్చే సంచికల్లో వరుసగా ప్రచురిస్తాము.