నీలగిరి వాగుల్లో ట్రౌట్ చేప

పుదుచ్చేరికి ఉత్తరాన, కాలాపేట సరసన ఉన్న పిళ్ళైచావడి మత్స్యకారులది బంగాళాఖాతం మీద ఆధారపడిన బతుకు. ఆ తీరపు వెచ్చని నీటిలో ట్రౌట్ చేప మనజాలదు. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటేకొద్దీ మేత తగ్గించి, ఇంకా పెరిగితే నీటిలో కరిగిన ప్రాణవాయువు చాలక చనిపోయే ఈ చేపకు దక్షిణాదిన అనువైన తావులు నీలగిరుల వంటి ఎత్తయిన కొండలే. అక్కడికీ అది తనంతట తాను రాలేదు, మద్రాసు ప్రభుత్వం పట్టుబట్టి తెప్పించింది.

తెలుగు జిల్లాలనూ ఏలిన ఆ ప్రభుత్వం ఏటా వేసవిలో నీలగిరుల్లోని ఉదకమండలానికి తరలేది. అక్కడ విడిది చేసిన బ్రిటిష్ అధికారులకు స్వదేశంలో అలవాటైన వినోదం ఫ్లై ఫిషింగ్. ఇందులో వానపామునో పిండినో ఎరగా గుచ్చరు. చిన్న కొక్కేనికి పక్షి ఈకను, జంతువు బొచ్చును పట్టుదారంతో చుట్టి, నీటిపై వాలే పురుగులా తీర్చి, ప్రవాహం మీదికి విసురుతారు. ఆ ఎరకు బరువుండదు కనుక, దాన్ని దూరానికి మోసుకుపోయేది గాలపు కర్ర ఊపుకు గాలిలో సాగే బరువైన తాడే. పురుగు వాలినంత మెత్తగా ఎర నీటిని తాకకపోతే ట్రౌట్ దాని జోలికి రాదు కనుక, ఈ వేటలో నేర్పంతా ఆ విసురులోనే ఉంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, తరువాత భారతదేశపు చేపలపై ప్రామాణిక గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే, 1863లోనే నీలగిరులకు ట్రౌట్‌ను తేవాలని చూసినా ఆ ప్రయత్నం ఫలించలేదు. చేపను కాక గుడ్డును తేవడమే మార్గమని, దాన్ని దారి పొడవునా చల్లగా ఉంచడమే కీలకమని 1864లో రుజువైంది; ఆ ఏడు నార్‌ఫోక్ అనే నౌకలో, తడి నాచులో పేర్చి మంచుగడ్డల నడుమ ఉంచిన ట్రౌట్, సాల్మన్ గుడ్లు ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా మీదుగా టాస్మానియాకు ప్రాణంతో చేరాయి. పైపొరలోంచి పిండం కళ్లు రెండు నల్లచుక్కలుగా కనిపించే దశకు వచ్చిన గుడ్డు కుదుపులను తట్టుకుంటుంది కాబట్టి, దూరప్రయాణానికి ఆ దశే తగినది.

నీలగిరుల్లో పని నెరవేర్చినవాడు మద్రాసు ప్రభుత్వపు చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్. అతడు 1907లో అవలాంచి వద్ద, చల్లని వాగునీరు ఆగకుండా పారే తొట్లలో గుడ్లను పొదిగించే కేంద్రాన్ని నెలకొల్పాడు. ఇక్కడ నిలదొక్కుకున్నది ఐరోపా గోధుమవన్నె ట్రౌట్ కాదు, ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు నదులకు చెందిన రెయిన్‌బో ట్రౌట్. కొంచెం వెచ్చని నీటినైనా ఓర్చుకోగలగడం దానికి కలిసివచ్చింది. సిలోన్, జర్మనీ, న్యూజిలాండ్‌ల నుంచి వచ్చిన గుడ్లతో ఆ సంతతి వృద్ధి చెందింది.

1960ల నాటికి కుందా జలవిద్యుత్ పథకం కింద అవలాంచి, ఎమరాల్డ్ వద్ద ఆనకట్టలు వెలసి, పారే వాగుల్లో కొంత భాగం జలాశయాలుగా మారింది. విల్సన్ పట్టుదల మెచ్చదగినదే. అయినా చిన్న చేపలను, నీటి పురుగులను తిని బతికే పరాయి చేపను అక్కడి వాగుల్లో వదలడం వల్ల దేశవాళీ చిరుచేపలకు కలిగిన నష్టాన్ని కూడా ఆ వినోదం ఖాతాలోనే రాయవలసి ఉంటుంది.