వెలివాడ సంతోషానికి ఒక చరిత్ర ఉంది



"మీవాళ్లు క్రైస్తవంలోకి ఎందుకు వెళ్లారు?" అని అడిగితే మనకు రెండు జవాబులు వినిపిస్తాయి. పాలపిండి కోసం, గోధుమ రవ్వ కోసం అనేది మనల్ని తక్కువ చేసేవాళ్ల మాట. కుల అణచివేత భరించలేక అనేది మనం చెప్పే మాట. మొదటిది అవమానం, రెండోది నిజం. కానీ రెండూ మన తాతమ్మలను కడుపుగానో గాయంగానో మాత్రమే చూస్తాయి. వాళ్లు సంతోషపడ్డారనే సంగతి రెండింట్లోనూ లేదు. ఈ భాగంలో ఆ సంతోషం గురించి మాట్లాడుకుందాం.

పర్ణశాలకు వచ్చే యాత్రికులు సీతారాముల వనవాసం కథ విని వెళ్లిపోతారు. ఆ ఊరు దుమ్ముగూడెం మండలంలోది. దుమ్ముగూడేనికి వేరే చరిత్ర ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గోదావరి మీద పడవలు నడపాలని కాటన్ పథకం వేస్తే, ఆ పనులు చూడటానికి హేగ్ అనే సైనిక ఇంజనీరు ఇక్కడికి వచ్చాడు. ఆ పనుల్లో ఉద్యోగి అయిన వెంకటరామ రాజు బాప్తిస్మం తీసుకుని, కోయల మధ్య సువార్త పని మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు ఇక్కడే ఉండి, కోయ భాష నేర్చుకుని, లూకా సువార్తను ఆ భాషలోకి తెచ్చాడు.

లూకానే ఎందుకు చెబుతున్నానంటే, అందులో క్రీస్తు పుట్టిన కబురు మొదట రాజుకు చేరదు, పూజారికి చేరదు. రాత్రిపూట పొలంలో మంద కాస్తున్న కాపరులకు చేరుతుంది. ఆ కబురే మహా సంతోషపు కబురు. ఊరి పశువులు కాసినవాళ్లు ఈ కథ విన్నప్పుడు అది వాళ్లకు పరాయి కథలా అనిపించి ఉండదు.

దుమ్ముగూడెం తర్వాత దోర్నకల్ డయాసిస్‌లో కలిసింది. దాని మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబంలో పుట్టినవాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన హయాంలో వేలాది మంది మాల మాదిగలు సంఘంలో చేరారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో ఆయన ఒక ప్రమాణం చేయించేవాడు. ఎవరి తల మీద వాళ్లే చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకాలి. తాకితే మైల అన్న చెయ్యి అది. దాన్ని తన తల మీదే పెట్టుకుని, నేనూ ఒకరికి చెప్పదగిన మనిషిని అని నలుగురిలో పలకడం చిన్న విషయం కాదు. పాట, భజన, కోలాటం, పంట పండుగ, జాతర... వీటన్నిటినీ అజరయ్య ప్రోత్సహించాడు. దొర గాదెకు పంట మోసినవాళ్లు పంట పండుగనాడు గంపెడు ధాన్యం తమ చేతులతో కానుకగా ఇచ్చారు. తీసుకునేవాళ్లుగానే బతికిన మనుషులు ఇచ్చేవాళ్లయ్యారు.

అంతా వెలుగేనని నేను అనను. చాలా చోట్ల మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు అయ్యాయి. డప్పును అమ్మవారి వాయిద్యమని పక్కన పెట్టిన సంఘాలున్నాయి. సమాధుల తోటలోకీ కులం వచ్చింది. ఈ చర్చ మనం ఆపకూడదు.

ఇక ఆ సంతోషానికి రాజ్యం కట్టిన వెల చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇంకా బయటే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ షరతు తీసేయమని చెప్పినా వినలేదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. దుమ్ముగూడెంలో ఒకే గుడిలో ఒకే బెంచీ మీద ఇద్దరు కూర్చుంటే, కోయ క్రైస్తవుడు ఎస్టీగానే ఉంటాడు. పక్కన కూర్చున్న మాల క్రైస్తవుడు కాగితం మీద బీసీ-సీ అవుతాడు. ఊళ్లో మాత్రం ఇద్దరి కులమూ ఎక్కడికీ పోదు. అందుకే మనవాళ్లు ఆదివారం గుడిలో గొంతెత్తి పాడి, సోమవారం మండలాఫీసులో గొంతు తగ్గిస్తారు.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అయినా సాహిత్య చరిత్ర పుస్తకాల్లో మన క్రైస్తవ కీర్తనలకు దక్కిన చోటు చాలా తక్కువ. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఎందుకు మారావని అడగొద్దు, అది కోర్టు వేసే ప్రశ్న. పంట పండుగకు ఏం తీసుకెళ్లేదానివి, కోలాటంలో ఏ పాట పాడేదానివి అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. మన సంతోషానికి సాక్ష్యం అక్కడుంది.