విన్నది విన్నవించుట

సంగీతచరిత్ర యనగా పాడినవారి చరిత్రయే యని మనవారు చాలకాలముగా తలంచుచున్నారు. వాగ్గేయకారుల జన్మసంవత్సరములను గూర్చియు, గురుశిష్యపరంపరలను గూర్చియు, సంస్థానాధీశు లిచ్చిన శాలువలను గూర్చియు గ్రంథములకు గ్రంథములు వెలసినవి గాని, ఆ పాటను విని, యింటికి బోయి, నిద్రపట్టక, తెల్లవారగానే పొరుగువాని యరుగుమీద గూర్చుండి "రాత్రి విన్నది ఏ రాగమయ్యా?" యని యడిగినవాని కథను వ్రాసినవారు అరుదు. నేను చెప్పబూనినది అట్టివారి కథ. దీనికి దేవరకొండను ఎన్నుకొనుట అది మా ఊరగుటచేతనే కాదు. ఆ ఊరికి నేటికిని రైలు లేదు. పందిళ్లు వేయించి పెద్ద విద్వాంసులను రప్పించి పాడించినట్లు నా చిన్ననాటి జ్ఞాపకము లేదు. అంతయేల, మా ప్రాంతమున "కచేరికి పోయొచ్చిన" నని యెవడైన ననినచో తహసీలు కచేరికి బోయి వచ్చినాడని యర్థము. పాటకచేరి యని విడమరచి చెప్పవలసియుండెను. ఐనను శాస్త్రీయసంగీతమును వినువారును, విన్నదానిని ఒకరికొకరు విన్నవించుకొనువారును అచట లేకపోలేదు. పాట దూరమునుండి రావలసిన యూరిలో దానిని గూర్చిన మాటయే మాకు సభ యయ్యెను.

ఈ ముచ్చటకు మూలపురుషు డెవరని యడిగినచో నేను జంకక సింగభూపాలుని పేరు చెప్పుదును. రేచెర్ల పద్మనాయకులలో అనపోతనాయకుడు రాచకొండను, అతని తమ్ముడు మాదానాయకుడు దేవరకొండను ఏలిరి. ఏడు కొండలను గలుపుకొని కట్టిన మా దుర్గము ఆ రెండవ శాఖవారిది. అనపోతని కుమారుడును సర్వజ్ఞబిరుదాంకితుడును నగు సింగభూపాలుడు 14వ శతాబ్ది చివరిపాదమున రాచకొండ నేలుచు 'రసార్ణవసుధాకరము'ను రచించెను. దాని మూడు విలాసములకు రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము అని పేరులు. రసికుని పేర నొక విలాసమునే వెలయించిన రాజు అంతటితో తృప్తి నొందక, శార్ఙ్గదేవుని 'సంగీతరత్నాకరము'నకు 'సంగీతసుధాకర'మను వ్యాఖ్యానమును గూడ సంతరించెను. ఇట్టి రాజకృతులు ఆస్థానపండితులు వ్రాసి యిచ్చినవే యని శంకించువారు లేకపోలేదు; ఆ వివాదముతో మనకు పనిలేదు. ఎవరు వ్రాసినను, వ్యాఖ్యానమనగా నేమి? ఒకడు చెప్పినదానిని వేరొకడు విని, తనకు దెలిసినంత మూడవవానికి దెలియజెప్పుటయే కదా! మూలగ్రంథము ఏడధ్యాయములది, స్వరమునుండి నర్తనమువరకు శార్ఙ్గదేవుడు విడువని విషయము లేదు. ప్రకీర్ణకాధ్యాయమున గాయకుల గుణదోషములను, కంఠధ్వనిలోని భేదములను ఎంచి చూపిన యా మహానుభావుడు నర్తనాధ్యాయమున సభాపతి యెట్లుండవలెనో, సభాసదు లెట్లుండవలెనో గూడ చెప్పెను. వినువానికిని లక్షణము గలదని యెరిగిన శాస్త్రము మనది.

శార్ఙ్గదేవుని పూర్వులు కాశ్మీరదేశమునుండి దక్షిణమునకు వచ్చినవారు. అతడు 13వ శతాబ్ది పూర్వార్ధమున దేవగిరి యాదవరాజగు సింఘణుని కొలువున లెక్కల శాఖకు పెద్దయై యుండెను. పగలు జమాఖర్చులును, రాత్రి శ్రుతిస్వరములును! ఆ దేవగిరియు, ఈ రాచకొండ దేవరకొండలును తరువాతి కాలమున నొక్క హైదరాబాదు రాజ్యముక్రిందనే యుండి 1956లో గాని విడిపోలేదు. ఈ సంగతిని పాఠకులు కొంచెము మనసున నుంచుకొందురు గాక. దీనితో ముందు పని యున్నది.

నడిమి శతాబ్దులను త్వరగా దాటుదును. 1459 ప్రాంతమున బహమనీ సుల్తాను హుమాయూన్ షా సైన్యము దేవరకొండను ముట్టడించినప్పుడు ఇచటి లింగభూపాలుడు గజపతుల తోడ్పాటుతో దానిని ఓడించెను గాని, పద్మనాయకుల ప్రాభవము ఆపై ఎంతోకాలము నిలువలేదు. గోలకొండ కొలువున క్షేత్రయ్య పదములు పాడినాడు. గోలకొండ చెరలో రామదాసు కీర్తనలు పాడినాడు. కొలువులోని పాట కొలువుతోనే పోయెను. చెరలోని పాట మాత్రము ఊరూర భజనలలో జేరి మా కొండల వెనుకకును వచ్చెను. భజనపరులకు రాగముల పేరులు పట్టవు. "ఇది ఏ వరుస?" అని వారి ప్రశ్న. ఒక కీర్తనను మూడు వరుసలలో పాడగలవానికి ఏకాదశి రాత్రి మిక్కిలి గౌరవము. తక్కువచదువు పాటయని దీనిని తీసివేయువారితో నేను ఏకీభవింపను. ఈ వరుస ఆ వరుసవంటిదే యనియు, ఇచట నొక మెట్టు తగ్గినదనియు చెవితోనే పోల్చి చెప్పగలవాడు రాగము పేరు తెలియకున్నను రాగమును ఎరిగినవాడే.

ఇక యంత్రముల కాలము. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు తొలిసారి మనదేశపు పాటలను పట్టుకొనిరి. 1908 నాటికి అచటనే పలకలను అచ్చువేయు కర్మాగారమును గూడ నెలకొల్పిరి. మా ఊరిలో నొక వర్తకుని యింట నుండిన పెట్టెను నేను ఎరుగుదును. మూత తీయగానే పాతచెక్కయు నూనెయు గలసిన వాసన. పక్కనున్న పిడిని త్రిప్పి త్రిప్పి కీలిచ్చి, చిన్న రేకుడబ్బీనుండి క్రొత్త ముల్లును దీసి బిగించి, నల్లని లక్కపలకను అరచేతుల అంచులతో ఎత్తి పెట్టెడివారు. వ్రేళ్లు తగిలినచో ఆ యింటి ముసలమ్మ కసరెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పలక యొక్కొక్క వైపున మూడు నిమిషములకంటె నెక్కువ పాడలేదు. గంటసేపు సాగవలసిన రాగము ఆ మూడు నిమిషములలో ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెను. ముగింపు దగ్గర కీలు సడలినచో పాటగాని కంఠము క్రమముగా దిగజారి మూలిగెడిది. పిల్లలము నవ్వెడివారము, పెద్దలు పరుగెత్తి పిడి త్రిప్పెడివారు. కాని పలక యాగిన వెంటనే రెండవవైపు త్రిప్పుట మర్యాద గాదు. ఆ నడుమ చాయ వచ్చెడిది, మాట వచ్చెడిది. మూడు నిమిషముల పాటకు ముప్పది నిమిషముల విచారణ.

రేడియో వచ్చిన పిమ్మట ఈ విచారణ కొక వేళయు, ఒక పత్రికయు ఏర్పడినవి. హైదరాబాదున నిజాముకాలపు దక్కన్ రేడియో 1935లో మొదలై ప్రధానముగా ఉర్దూలో మాటలాడుచుండెను. 1950 ఏప్రిలు 1న అది ఆలిండియా రేడియోలో కలిసెను. అంతకు పూర్వమే మద్రాసు కేంద్రము 1938లోను, బెజవాడ కేంద్రము 1948 డిసెంబరులోను వెలసియుండుటచేత, ప్రొద్దుగ్రుంకి గాలి తేటపడిన పిమ్మట ఆ మూడును మా ఊరిలో పలికెడివి. మిద్దెపై రెండు కర్రలు నాటి వాటి నడుమ రాగితీగను లాగుట, పోస్టాఫీసులో లైసెన్సుకు ఏటేట సొమ్ము గట్టి చిన్నపుస్తకములో బిళ్లలు అంటించుకొనుట, రేడియోవారి పక్షపత్రిక 'వాణి'ని తెప్పించి రానున్న కచేరీలకు ఎఱ్ఱపెన్సిలుతో గీతలు గీయుట, ఇవి యన్నియు గృహస్థధర్మములలో జేరినవి. 1952 జూలైలో సంగీతపు జాతీయ కార్యక్రమము మొదలైనది మొదలు శనివారపు రాత్రి తొమ్మిదిన్నరకు ఎవ్వరును ఎవ్వరింటికిని పెండ్లిసంబంధములు మాటలాడుటకు గూడ పోరాదని మా పెదనాయన శాసించెను. ఆలిండియా రేడియో 1940లోనే హార్మోనియమును వెలివేసెను. తమ భజనపెట్టెకు పట్టిన యీ గతిని తెలిసికొన్న భజనపరులు మాత్రము చాలకాలము రేడియోపై కినుక వహించియుండిరి. వారి కోపము న్యాయమైనదే యని నేటికిని నా నమ్మకము.

ఆ శనివారములలో ఒకవారము కర్ణాటకము, ఒకవారము హిందుస్థానీ వచ్చుచుండెను. మా బడిలోని తెలుగు పంతులుగారు మొదటిదానిలో ఆరితేరినవారు. ఉర్దూ చెప్పు మౌల్వీ సాబు రెండవదానిలో ప్రాణము పెట్టుకొన్నవారు. సోమవారమున బడి అరుగుమీద వీరిద్దరి వాదము జరుగనిదే గంట కొట్టినను గొట్టినట్లు గాదు. ఒకనాటి వాదము నాకు బాగుగ జ్ఞాపకమున్నది.

"ఏం మౌల్వీ సాబ్, మొన్న రాత్రి మీవాండ్లు తోడి అని చెప్పి శుభపంతువరాళి పాడిరి గద!"

"పంతులుగారూ, అదే అసలు తోడి. మీరు తోడి అని పాడితె మాకు భైరవి ఇనవడుతది."

"భైరవియా? మా భైరవి వేరే ఉన్నది."

"ఉంటె ఉండనీ. పేర్లు మీరు మార్చిండ్రో మేము మార్చినమో ఎవలు చూసిండ్రు?"

ఇద్దరును చెప్పినది నిజమే. హిందుస్థానీ తోడి స్వరములు మన శుభపంతువరాళివి. మన తోడి స్వరములు వారి భైరవివి. మన హిందోళము వారికి మాల్కౌంసు. వారి హిందోలు మనకు సునాదవినోదిని. ఐనను స్వరములు కలిసినంత మాత్రమున రాగము కలియదు. మన తోడిలోని గాంధారము ఊగుచుండును, వారి భైరవిలో అది అట్లూగదు. దీనిని బోధపరచుటకై పంతులుగారు బెత్తమును రెండు వ్రేళ్లనడుమ బట్టి ఊపుచు "ఇట్లు ఊగవలె, ఇట్లు" అనుచుండగా, వాకిట నిలిచిన తరగతి యంతయు ఆ బెత్తము తమకై ఊగుచున్నదేమో యని బిక్కచచ్చి చూచుచుండెను. మౌల్వీ సాబు మాత్రము కండ్లు మూసికొని లోలోపల పాడి చూచుకొని, కొంతసేపటికి "సగం ఒప్పుకుంట" ననెను.

పాఠకులను మనసున నుంచుకొమ్మన్న సంగతి యిదే. శార్ఙ్గదేవుని గ్రంథము ఉత్తరాది దక్షిణాది పద్ధతు లిప్పటివలె రెండుగా స్థిరపడకమునుపటిది. ఇరువురును దానిని తమదే యందురు. దేవగిరిలో పుట్టిన యా గ్రంథమునకు రాచకొండలో వ్యాఖ్య పుట్టెను. అదే దక్కనులో, ఐదారు శతాబ్దుల పిమ్మట, రెండు వైపుల చెవులు గల యిద్దరు బడిపంతుళ్లు ఆ విడిపోయిన కొసలను పట్టుకొని లాగుచుండిరి. మద్రాసు అరుగుమీద గాని బనారసు ఘాటుమీద గాని ఇట్టి జగడమునకు అంతగా తావు లేదని నా యభిప్రాయము. ఒకే ఊరిలో రెండును సమముగ వినబడవలెను గదా. 1968 ఏప్రిలులో బడే గులాం అలీఖాన్ హైదరాబాదు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసినాడని వార్త వచ్చిన సాయంకాలము, పంతులుగారు కండువా సవరించుకొని మౌల్వీ సాబు ఇంటికి బోయి, చావు జరిగిన యింట గూర్చుండునట్లు మాటాడక గూర్చుండి వచ్చిరి.

అరుగు దాటిన ముచ్చటను కార్డు మోసెడిది. అచ్చంపేటలో నుండిన మా మేనమామకును మా నాయినకును నడచిన పోస్టుకార్డుల కట్ట యొకటి నా యొద్ద నున్నది. క్షేమసమాచారము రెండు పంక్తులు, వానలు, అప్పులు, గొడ్లు ఒక పంక్తి, తక్కినదంతయు సంగీతము. "శనివారం ఖరహరప్రియ మీకు సాఫుగా వచ్చినదా? మాకు ఉరుములు. తానము తరువాత ఏమయినది తెలియజేయగలరు" అని యొకటి. బదులు వ్రాయుటకు విన్నవాడు రాగమును తానే పోల్చవలెను. తాళమును తానే లెక్కించవలెను. పాట తిరిగి వినుటకు వీలులేదు గనుక, తప్పు చెప్పినను దిద్దువాడు లేడు. కొన్ని కార్డులలో నాయిన నిశ్చయముగా తప్పే వ్రాసినాడని నే డనుమానము గలుగుచున్నది. కాని ఆ తప్పులోను ఎంత శ్రద్ధ!

టేపురికార్డర్లు గల్ఫునుండి సెలవులకు వచ్చినవారి సంచులలో మా ఊరు జేరిన పిమ్మట తప్పులు దొరకిపోవుట మొదలయ్యెను. 60 నిమిషముల క్యాసెట్టు, 90 నిమిషముల క్యాసెట్టు. రేడియోముందు పెట్టి ఇంటిల్లిపాదిని దగ్గవలదని బెదరించి పట్టుకొన్న కచేరిలో గూడ పొరుగింటి కుక్క యొకటి తప్పక మొరిగెడిది. ఒకరి క్యాసెట్టునుండి వేరొకరు, అతనినుండి ఇంకొకరు ఎక్కించుకొనగా, నాల్గవచేతికి వచ్చునప్పటికి గాయకునికంటె బుసబుస యెక్కువ. తీగ చిక్కుపడినచో పెన్సిలు దూర్చి త్రిప్పుట ఆ తరమువారి కందరకును తెలిసిన వైద్యము. అట్టమీద రాగములను వరుసగా వ్రాయునపుడు, సందేహమున్న రాగము ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టు నీతి కొందరికి మాత్రమే యుండెను.

1990లలో మావారి పిల్లలు కొందరు అమెరికాకు బోయి కంప్యూటరులో ఇదే వాదములను ఆంగ్లమున నడిపిరి. క్లీవ్‌లాండు నగరమున 1978లోనే త్యాగరాజ ఆరాధన మొదలైనదని విన్నప్పుడు నాకు మా ఊరి లోటు మరల జ్ఞాపకమునకు వచ్చెను. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే యన్నియు కలవు. 2016 జనవరి 26 మొదలు ఆకాశవాణివారు 'రాగం' పేర శాస్త్రీయసంగీతమునకే యొక ప్రసారమును రేయింబవళ్లు నడుపుచున్నారు. శనివారమునకై వేచియుండవలసిన పనిలేదు. మా బడిలో చదివినవారము ముప్పదిమందిమి ఒక వాట్సాపు గుంపుగా నున్నాము. రోజునకు నాలుగైదు కచేరీలు వచ్చి పడును. రాగము, తాళము, కర్త పేరు అన్నియు క్రిందనే వ్రాసియుండును గనుక అడుగవలసినదేమియు కనబడదు. ఒక చప్పట్ల బొమ్మ, ఒక దండముల బొమ్మ, అంతే.

మొన్నటి శివరాత్రికి మౌల్వీ సాబు మనుమడు, మా తరువాత పదియేండ్లకు చదివినవాడు, ఆ గుంపులో నొక పాత హిందుస్థానీ ధ్వనిముద్రణను పంపెను. పేరులేమియు వ్రాయలేదు. "సార్లూ, చెప్పండి" అని మాత్రమున్నది. అర్ధరాత్రివరకు తొమ్మిదిమంది మేలుకొంటిమి. ఒకరు శుభపంతువరాళి యనిరి, ఒకరు పంతువరాళి యనిరి, ఒకరు గాంధారము చిన్నదో పెద్దదో తేల్చుకొనలేక మూడుసార్లు మాట మార్చిరి. తెల్లవారుజామున అతడు బదులు పెట్టెను: "తోడి. మా తోడి. మీది కాదు."