కంపెనీ గీత దాటిన వీరులు

1972 చివర్లో అమెరికాలో మూడు కామిక్ పుస్తకాలు అటూ ఇటూగా ఒకే సమయంలో అమ్మకానికొచ్చాయి. థోర్ 207వ సంచిక, అమేజింగ్ అడ్వెంచర్స్ 16వ సంచిక మార్వెల్ కంపెనీవి. జస్టిస్ లీగ్ 103వ సంచిక దాని పోటీదారు డీసీది. మూడు కథలూ వెర్మాంట్ రాష్ట్రంలోని రట్లండ్ ఊళ్లో, హాలోవీన్ ఊరేగింపు రాత్రే జరుగుతాయి. మూడింటిలోనూ న్యూయార్క్ నుంచి వచ్చిన నలుగురు స్నేహితులు తిరుగుతూ కనిపిస్తారు. అందులో ముగ్గురు ఆ కథలు రాసినవాళ్లే: స్టీవ్ ఎంగిల్‌హార్ట్, జెరీ కాన్వే, లెన్ వీన్. నాలుగో మనిషి లెన్ భార్య గ్లినిస్. ఒక కంపెనీ పుస్తకంలో మొదలైన వాళ్ల రాత్రి పక్క కంపెనీ పుస్తకంలో కొనసాగుతుంది. మూడూ కొని, ముందు పరుచుకుని చదివినవాళ్లకే ఆ లంకె దొరుకుతుంది.

రట్లండ్ కల్పిత ఊరేమీ కాదు. అక్కడి టామ్ ఫేగన్‌కు కామిక్స్ అంటే ప్రాణం. 1960ల నుంచీ ఆ ఊరి హాలోవీన్ ఊరేగింపులో సూపర్‌హీరో వేషాలు ఉండేలా చూసింది ఆయనే. కామిక్స్ రాసేవాళ్లూ, బొమ్మలు గీసేవాళ్లూ న్యూయార్క్ నుంచి పనిగట్టుకుని వెళ్లి వేషాలు కట్టేవారు. ఆ వీధిలో ఏ వీరుడు ఎవరి సొత్తు అని అడిగేవాళ్లు లేరు. అచ్చులో మాత్రం అప్పట్లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్ డీసీ గడప దాటేవారు కాదు. స్పైడర్‌మ్యాన్, హల్క్, థోర్ మార్వెల్ గడప దాటేవారు కాదు. అందుకే ఆ ముగ్గురు కుర్ర రచయితలు ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చునే, మాట కలుపుకుని ఊరేగింపును కథల్లోకి తెచ్చారు. కామిక్స్ చరిత్రలో ఇంత అందమైన దొంగచాటు స్నేహం మరొకటి లేదనిపిస్తుంది.

ఒకే ఇంటి వీరులను కలపడం అప్పటికే పాత అలవాటు. 1940లో మార్వెల్ మిస్టరీ కామిక్స్‌లో నిప్పు మనిషి హ్యూమన్ టార్చ్‌కూ, సముద్రపు రాకుమారుడు నేమోర్‌కూ యుద్ధం పెట్టారు. నిప్పుకూ నీటికీ పోటీ అంటే ఏ పిల్లవాడికి ఆసక్తి ఉండదు? ఆ పోరు ఎటూ తేలకుండానే ముగిసింది. అదే ఏడాది ఆల్ స్టార్ కామిక్స్ మూడో సంచిక వేర్వేరు పుస్తకాల వీరులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి జస్టిస్ సొసైటీ అని పేరు పెట్టింది.

1961లో వచ్చిన ఫ్లాష్ 123వ సంచికది ఇంకో దారి. కొత్త ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ చిన్నప్పుడు పాత ఫ్లాష్ జే గ్యారిక్ కామిక్స్ చదువుతూ పెరిగాడు. కథలో అతను అనుకోకుండా మరో భూమి మీద తేలి, తాను పుస్తకాల్లో చదివిన మనిషినే ఎదురుగా చూస్తాడు. బాల్యంలో ఆరాధించిన బొమ్మ ప్రాణంతో ఎదురైతే ఎలా ఉంటుందో గార్డ్‌నర్ ఫాక్స్ కథలో, కార్మైన్ ఇన్‌ఫాంటినో బొమ్మల్లో చూపించారు. జ్ఞాపకాల మీద బెంగ ఈ కథలకు తర్వాతెప్పుడో అంటుకున్నది కాదు, వాటిలోనే ఉంది.

టీవీ ఆ బెంగను ఇంటింటికీ చేర్చింది. 1972లో స్కూబీ డూ కార్టూన్‌లోకి బ్యాట్‌మ్యాన్, రాబిన్ అతిథులుగా వచ్చారు. మరుసటి సెప్టెంబర్‌లో హన్నా బార్బెరా వారి సూపర్ ఫ్రెండ్స్ మొదలైంది. శనివారం పొద్దున పిల్లలు టీవీకి అతుక్కుపోయే రోజులవి. కార్టూన్లలో కొట్లాటలు ఎక్కువయ్యాయని తల్లిదండ్రుల సంఘాలు గొడవ చేయడంతో అందులో వీరులు చేయి చేసుకోవడమే అరుదు. అయినా సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్, ఆక్వామ్యాన్ ఒకే గదిలో నిలబడితే చాలు, పిల్లలకు పండగే.

హక్కుల చిక్కులు కార్టూన్లకూ తప్పలేదు. 1981లో కార్టూన్‌లో స్పైడర్‌మ్యాన్‌కు తోడుగా హ్యూమన్ టార్చ్‌ను తీసుకురావాలనుకుంటే అనుమతి దొరకలేదు. ఆ లోటు పూడ్చడానికి ఫైర్‌స్టార్ అనే అమ్మాయిని కొత్తగా సృష్టించారు. ఆమె తర్వాత కామిక్స్‌లోనూ స్థిరపడింది.

ఇక అచ్చులో మార్వెల్, డీసీ బహిరంగంగా చేయి కలిపి తమ వీరులను ఎదురెదురుగా నిలబెట్టింది 1976లో. మామూలు కామిక్ 25 సెంట్లున్న రోజుల్లో, 2 డాలర్ల ధరతో, చాలా పెద్ద సైజులో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పుస్తకం వచ్చింది. రాసింది రట్లండ్ ముగ్గురిలో ఒకరైన జెరీ కాన్వే, బొమ్మలు రాస్ ఆండ్రూ. సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ పన్నాగంతో స్పైడర్‌మ్యాన్‌కు కాసేపు అంతులేని బలం వస్తుంది. అతని దెబ్బకు సూపర్‌మ్యాన్ ఎగిరి పడతాడు. తిరిగి కొట్టబోయిన సూపర్‌మ్యాన్, తన పిడికిలి తగిలితే ఎదుటివాడు బతకడని చివరి క్షణంలో ఆపుకుంటాడు. ఆ పిడికిలి విసురు గాలికే స్పైడర్‌మ్యాన్ దూరంగా వెళ్లి పడతాడు. ఎవరూ ఓడరు, ఎవరి అభిమానీ చిన్నబోడు.

తెలుగు ప్రేక్షకులకు ఈ కిటుకు కొత్త కాదు. చిలకమర్తి గయోపాఖ్యానంలో కృష్ణుడూ అర్జునుడూ గయుడి కోసం ఆయుధాలు పడతారు. ఆ కథనే 1963లో కె.వి.రెడ్డి శ్రీకృష్ణార్జున యుద్ధంగా తీసినప్పుడు కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. ఇద్దరి అభిమానులూ ఒకే హాల్లో కూర్చుని చూడాల్సిన ఆ యుద్ధంలో ఎవరినీ ఓడించకుండా కథ నడపడం ఎంత నేర్పో ఊహించుకోవచ్చు.

1976లో కుదిరినట్టు ఒప్పందం ప్రతిసారీ కుదరలేదు. డీసీ జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ జట్టు అవెంజర్స్ కలిసే పుస్తకం 1983లో రావాలి. జార్జ్ పెరెజ్ 21 పేజీలు గీసేశారు. కథ విషయంలో రెండు కంపెనీలకూ పొసగక పని ఆగిపోయింది. ఆయన చేతిలో అది మళ్లీ మొదలై బయటికొచ్చేసరికి 2003. ఈసారి కథ కర్ట్ బ్యుసిక్‌ది. మూడో సంచిక అట్ట మీద రెండు జట్ల సభ్యులందరినీ ఇరికించాలని పెరెజ్ పట్టుబట్టి గీశారు. ఆ పనిలో చేయి నొప్పి పుట్టినా ఒక్క ముఖం తగ్గించలేదు. నాలుగో సంచికలో సూపర్‌మ్యాన్ ఒక చేత్తో కెప్టెన్ అమెరికా డాలు, మరో చేత్తో థోర్ సుత్తి పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన పాఠకులకు ఆ ఒక్క బొమ్మ చాలు.

2021 డిసెంబర్‌లో పెరెజ్ తనకు నయం కాని క్యాన్సర్ అని ప్రకటించారు. కష్టాల్లో ఉన్న కామిక్స్ కళాకారులను ఆదుకునే హీరో ఇనిషియేటివ్ సంస్థ కోసం రెండు కంపెనీలూ ఒప్పుకుని, జస్టిస్ లీగ్, అవెంజర్స్ పుస్తకాన్ని 7,000 ప్రతులు మళ్లీ అచ్చు వేయించాయి. ఆయన 2022 మేలో కన్నుమూశారు. 2025లో మార్వెల్ పాత్ర డెడ్‌పూల్‌ను, బ్యాట్‌మ్యాన్‌ను కలుపుతూ మార్వెల్ ఒక పుస్తకం, డీసీ మరో పుస్తకం వేశాయి. 1976 పుస్తకాన్ని పదేళ్ల వయసులో చదివినవాళ్లు అప్పటికి అరవైకి దగ్గరపడ్డారు.